ఎండాకాలం తూము తెరిచాం: ఒక కాలనీ చెరువు నిర్వహణ కేస్ స్టడీ

నాలుగేళ్ల కిందట, రోహిణి కార్తె. రాత్రి తొమ్మిదింటికి గాలిదుమారం లేచి, ఓ ముప్పావుగంట గట్టి వాన పడింది. తెల్లారి ఐదున్నరకి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, చాపలన్నీ తేలినయ్. జల్ది రండి."

నేను వెళ్లేసరికి కట్ట వెంబడి, బోటింగ్ జెట్టీ చుట్టూ తెల్లటి పొట్టలు కనిపిస్తున్నాయి. రెండు మూడు కిలోల బొచ్చెలు, రవ్వలు. ఇంకా ప్రాణం ఉన్నవి మూతులు నీటి పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. వాకింగ్‌కి వచ్చినవాళ్లు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మత్స్య సహకార సంఘం వాళ్లు కట్ట మీద కూలబడిపోయారు. వాళ్ల ఏడాది కష్టమంతా ఆ నీళ్లలో ఉంది.

చేపలు చచ్చిపోయింది మే నెలలో. కారణాలు వెతుక్కుంటూ వెళ్తే ఒకటి అంతకు ముందు నవంబర్‌లో దొరికింది, ఇంకోటి ఏప్రిల్‌లో, అసలుది పదిహేనేళ్ల కిందట తూము (కట్ట అడుగు నుంచి నీరు బయటికి వదిలే దారి) మూసేసిన రోజున. ఆ వెతుకులాటనీ, ఆ తర్వాత ఏ కాలానికి ఏ పని అని మేం మార్చుకున్న పద్ధతినీ ఇక్కడ రాస్తున్నాను.

చెరువు సంగతి

హైదరాబాద్ పడమటి శివారులో పాతిక ఎకరాలకు కాస్త పైబడిన చెరువు. గొలుసుకట్టులో నడిమిది. పైన ఒక చెరువు, కింద రెండు. పేరు రాయడం లేదు. పొరపాట్లు జరిగిన చోట పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు, రేపు కూడా వాళ్లతోనే కలిసి పనిచేయాలి.

ఒకప్పుడు దీని కింద వరి పండేది. ఇప్పుడు ఆ ఆయకట్టు అంతా అపార్ట్‌మెంట్లు. కట్ట మీద వాకింగ్ ట్రాక్, ఒక పక్క పిల్లల పార్కు, పెడల్ బోట్లు, కట్ట మైసమ్మ గుడి, బతుకమ్మ ఘాట్. చెరువు సాగునీటి శాఖది, ట్రాకూ పార్కూ మునిసిపాలిటీవి, చేపల హక్కు సంఘానిది, బోట్లు ఒక కాంట్రాక్టరువి. చుట్టూ ఉన్న ఆరు కాలనీలు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి. నేను సివిల్ ఇంజినీరుని, ఆ కమిటీలో పనులు చూసే బాధ్యత నాది. ఎవరి హక్కు ఏమిటో అందరికీ తెలుసు. నీళ్లు ఎలా ఉన్నాయో చూడాల్సింది ఎవరన్నది మాత్రం ఏ కాగితం మీదా లేదు.

ఆ ఉదయం

కట్ట మీద అందరి నోటా ఒకటే మాట: ఎవరో మందు కలిపారు. పోలీసులకు చెప్పాలని కూడా అన్నారు. నాకు మాత్రం అనుమానం వేరే ఉంది. చచ్చినవాటిలో దాదాపు అన్నీ పెద్ద చేపలే. చిన్న పిల్లలు చాలావరకు బతికే ఉన్నాయి. జమ్ము గడ్డి దగ్గర కొర్రమీను ఒకటి హాయిగా తోక ఆడిస్తూ తిరుగుతోంది. కప్పలు, నత్తలు బాగానే ఉన్నాయి. విషమే అయితే చిన్నవాటిని వదిలి పెద్దవాటిని ఏరుకోదు, తెల్లవారుజాము కోసం కాచుకోదు. కొర్రమీను పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. బొచ్చె, రవ్వ అలా పీల్చలేవు. అది బతికి ఇవి పోయాయంటే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయిందని అర్థం.

ఆక్సిజన్ కొలిచే మీటర్ తెచ్చి జెట్టీ చివర దించితే లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా చూపించలేదు. ఆ వేడికి శుభ్రమైన నీరు ఏడున్నర దాకా పట్టుకోగలదు. మూడు కంటే తగ్గితే ఈ రకం చేపలు ఇబ్బంది పడతాయి.

విచిత్రం ఏమిటంటే, అంతకు నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం మూడింటికి తీసిన రీడింగ్ పన్నెండు దాటింది. మా రిజిస్టర్‌లో దాని పక్కన "బాగుంది" అని నా చేతి రాతే ఉంది. నీళ్లు పచ్చగా ఉన్నాయంటే సన్న నాచు నిండి ఉందన్న మాట. ఎండ ఉన్నంతసేపూ ఆ నాచు ఆక్సిజన్ ఇస్తూనే ఉంటుంది, చీకటి పడ్డాక అదే తిరిగి వాడుకుంటుంది. పగలు తీసే రీడింగ్ చూసి మోసపోవడం తేలిక. ఆ రోజు నుంచి మేం తెల్లవారుజాము ఐదింటికి తప్ప ఇంకెప్పుడూ ఆక్సిజన్ చూడడం లేదు. చెరువు బాగోగులు చూసే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

ఆ రాత్రి జరిగింది ఇంతే. పగలంతా ఎండకి పైనీరు కాగి, అడుగునీరు ఊపిరాడకుండా కిందే ఉండిపోయింది. గాలీ చల్లటి వానా వచ్చి రెండింటినీ కలిపేశాయి. అడుగున కుళ్లుతున్న బురద పైకి లేచి ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ లాగేసుకుంది. దానికి తోడు ఎండాకాలమంతా నాలాలో, అంటే చెరువులోకి వచ్చే వాన నీటి కాలువలో, పేరుకున్న మురికిని మొదటి వాన తోసుకొచ్చింది.

పొటాషియం పర్మాంగనేట్ చల్లుదామని ఒకరు, సున్నం బస్తాలు కుమ్మరిద్దామని ఇంకొకరు అన్నారు. రెండూ ఒద్దన్నాను. అంత మురికి నీళ్లలో పర్మాంగనేట్ క్షణాల్లో ఖర్చైపోతుంది, మోతాదు పెంచితే మిగిలిన చేపలకే ప్రమాదం. రెండు డీజిల్ పంపులు తెప్పించి చెరువు నీళ్లనే తోడి గాలిలోకి ఎగజిమ్మి మళ్లీ చెరువులోనే పడేలా చేశాం. బోట్లు ఆపేశాం. చచ్చిన చేపల్ని మధ్యాహ్నంలోపు వలలతో తీసి, దూరంగా గొయ్యి తవ్వి సున్నం వేసి పూడ్చాం. అవి నీళ్లలో కుళ్లితే మర్నాడు ఇంకో విడత చచ్చేవి.

గేజ్ పలక

తూము పక్కన సిమెంటు స్తంభానికి అంగుళాలు రాసిన గేజ్ పలక ఉంది. బోట్లకు నీరు సరిపోతుందో లేదో చూసుకోడానికి కాంట్రాక్టరు మనుషులు రోజూ అది రాసుకునేవాళ్లు. ఆ పుస్తకం అడిగి తెచ్చుకుని ఒక రాత్రి కూర్చుని చదివాను.

ఏప్రిల్ 1న ఎంత ఉందో మే 20న కూడా దాదాపు అంతే ఉంది.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. హైదరాబాద్ ఎండలకి చెరువు నీళ్లు ఆవిరి రూపంలోనే రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు తగ్గాలి. యాభై రోజుల్లో అడుగుకు పైగా దిగాలి. ఒక్క వాన లేదు, పైచెరువు నుంచి చుక్క రాలేదు. అయినా మట్టం తగ్గలేదంటే ఎవరో నింపుతున్నారు. నింపుతున్నది నాలా. అంటే డ్రైనేజీ. చెరువు నిండుగా కళకళలాడుతోందని మేమంతా సంతోషపడిన ఆ రెండు నెలలూ దానిలోకి వచ్చింది ఇళ్ల మురుగే.

ఖర్చు లేని పరీక్ష ఇది. మీ దగ్గర చెరువు ఉంటే ఏప్రిల్‌లో ఒక కర్ర పాతి గీత గీయండి, పదిహేను రోజుల తర్వాత చూడండి. ల్యాబ్ రిపోర్టు కంటే ముందు ఆ గీతే చెప్తుంది.

నాలా వెంబడి నడిచి చూస్తే పైపులు దొరికాయి. వాన నీటి కోసం వేసిన కాలువలోకి మురుగు కలిపేసినవి. కొన్ని కొత్త కట్టడాలవి, కొన్ని మా కాలనీలవే. ఎండాకాలపు పలుచని ప్రవాహాన్ని చెరువులోకి రాకుండా పక్కనున్న ట్రంక్ డ్రైనేజీ లైన్‌కి మళ్లించే చిన్న అడ్డుగోడ కట్టించడానికి ఏడాదిన్నర పట్టింది. వానాకాలం వరద ఎక్కువైతే నీళ్లు ఆ గోడ మీదుగా దూకి చెరువులోకి వస్తాయి. గోడ చిన్నదే, అంచనా కూడా పెద్దది కాదు. ఏ శాఖ కట్టాలో తేలడానికే సమయమంతా పోయింది.

నవంబర్‌లో చేసిన తప్పు

ఆ ముందటి నవంబర్‌లో చెరువులో మూడో వంతు గుర్రపుడెక్క కమ్మేసింది. పండగ సెలవులకి బోట్లు తిరగాలి. చేత్తో తీయిస్తే నెల పడుతుంది. కలుపు మందు కొడితే పది రోజుల్లో పోతుందని ఒక ఏజెన్సీ చెప్పింది. కమిటీ ఒప్పుకుంది. కాగితం మీద సంతకం నాది.

మాటిచ్చినట్టే పది రోజుల్లో ఆకులు వడిలి గోధుమరంగుకి తిరిగాయి. ఆ తర్వాత మునిగిపోయాయి. నీళ్లు తేటగా కనిపించాయి, అందరూ మెచ్చుకున్నారు. మునిగిన ఆ మొక్క ఎక్కడికి పోతుంది? అడుగున పడి చలికాలమంతా నెమ్మదిగా కుళ్లింది. మేలో పైకి లేచిన బురదలో పెద్ద భాగం అదే. పెరిగేటప్పుడు అది పీల్చుకున్న ఎరువంతా నీళ్లకే తిరిగొచ్చి నాచుకి మేత అయింది.

ఇప్పుడు మందు మాటే లేదు. డిసెంబర్, జనవరిలోనే తీసేస్తాం. చలికి మొక్క పెరుగుదల మందగిస్తుంది కాబట్టి తీసినచోట మళ్లీ వెంటనే కమ్ముకోదు. ఫిబ్రవరి దాటి వేడి అందుకుందంటే రెండు వారాలకే రెట్టింపు అవుతుంది, దానితో పరుగెత్తడం మన తరం కాదు. తాడుకి ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కట్టి వలయంలా తిప్పి, గాలి ఒడ్డుకి తోసే దిక్కున మొక్కల్ని దగ్గర చేస్తాం. అక్కడి నుంచి మనుషులు కొక్కేలతో లాగుతారు. లాగింది లాగినట్టు లారీకెత్తితే మోసేది నీళ్లే, ఎందుకంటే ఆ మొక్కలో తొంభై శాతానికి పైగా నీరు. మూడు రోజులు ఒడ్డున ఆరనిస్తే ట్రిప్పులు బాగా తగ్గుతాయి. కానీ ఆరబోసే చోటు కట్ట అవతలి వైపు ఉండాలి. ఇవతల వేస్తే దాని రసం మళ్లీ చెరువులోకే కారుతుంది.

అంతా తీశాక మూలల్లో పదో పదిహేనో మొక్కలు మిగులుతాయి. ఆదివారం పొద్దున ఐదారుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు లైఫ్ జాకెట్లు వేసుకుని రెండు బోట్లలో తిరిగి వాటిని ఏరేస్తారు. చూడ్డానికి చిన్న పని. కానీ నవంబర్‌లో లారీలు పిలిపించాల్సిన అవసరం తప్పించేది ఈ పనే.

నీరటి చెప్పిన మాట

ఈ చెరువుకి ఒకప్పుడు నీరటిగా, అంటే తూము విప్పి పొలాలకు నీరు వదిలే మనిషిగా, పనిచేసిన పెద్దాయన కట్ట కింద బస్తీలోనే ఉంటారు. వయసు ఎనభై దాటింది. చేపలు చచ్చిన వారానికి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. నేను గ్రాఫులు, రీడింగులు చెప్పుకుపోతుంటే కాసేపు విని అన్నారు:

"సారూ, చెరువుకు ఏడాదికోసారి కడుపు ఖాళీ కావాలె. ఎండాకాలం నెర్రెలు వాయాలె. గప్పుడే దాని రోగం పోతది. మీరు పదిహేనేండ్ల సంది దానికి తినబెట్టుడే గాని ఉపాసం ఉంచుతలేరు."

నేను చదివిన చదువంతా కలిపి ఇంత తేలికగా చెప్పలేకపోయేవాణ్ని. పొలాలున్నప్పుడు యాసంగికి తూము విప్పేవారు. నీరు దిగేది. అడుగు ఎండి పగుళ్లిచ్చేది. బురదకి గాలీ ఎండా తగిలి, కుళ్లేదంతా అక్కడే హరించుకుపోయేది. రైతులు పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. తూము, ఎండ, పూడిక, వాన: ఇదీ చెరువు ఏడాది. పొలాలు పోయాక తూముతో పని లేకుండా పోయింది. పైగా నిండుగా ఉంటేనే అందం, నిండుగా ఉంటేనే బోట్లు. ఏడాది పొడవునా నిండుగా ఉన్న చెరువు పదిహేనేళ్లు అదే బురదని మోసింది.

తూము తెరవాలని నిర్ణయించుకున్నాం. అనుకున్నంత సులువు కాలేదు.

పాత రాతి తూము రెండు నిలువు స్తంభాలు ఇంకా నీళ్లలో నిలబడే ఉన్నాయి. తర్వాతి కాలంలో పెట్టిన ఇనుప షట్టర్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అవతలి నోరు ప్లాస్టిక్‌తో, మట్టితో పూడిపోయింది. మనిషిని లోపలికి దింపి తీయిద్దామన్నారు. గట్టిగా ఒద్దన్నాను. ఇన్నేళ్లు మూసుకుపోయిన తూము లోపల ఎలాంటి గ్యాస్ ఉంటుందో తెలియదు, మ్యాన్‌హోళ్లలో మనుషులు పోయేది సరిగ్గా ఇలాగే. కింది వైపు నుంచి జెట్టింగ్ మెషిన్‌తో కొట్టించి, కొత్త షట్టర్, స్క్రూ గేర్ బిగించాం. మొదటిసారి నీరు వదిలినప్పుడు సిరాలాంటి నల్లటి నీళ్లు, కుళ్లిన గుడ్ల వాసన. అందుకే ఎండాకాలం దాకా ఆగకుండా జనవరిలో వదలడం మొదలుపెట్టాం. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది, కిందిచెరువుకి హాని తక్కువ. కిందిచెరువు కాలనీవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడాం. వాళ్ల చేపల సంఘానికీ చెప్పాం.

రోజుకు రెండు అంగుళాలకి మించి దించం. మట్టికట్ట లోపలి వాలు నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది. నీళ్లు ఒక్కసారిగా దిగిపోతే ఆ వాలుకి ఎదురుగా ఆనే బలం పోయి జారిపోతుంది. తూము తిప్పే హ్యాండిల్ ఇద్దరి దగ్గరే ఉంటుంది, తిప్పిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలి.

ఒప్పందాలు

సాంకేతిక విషయాల కంటే ఇదే కష్టమైంది. మత్స్య సంఘం వాళ్లు చేపల్ని జూన్ దాకా ఎందుకు అట్టేపెడతారో నాకు ముందు తోచలేదు. మృగశిర కార్తె. ఆ రోజు చేప తినని ఇల్లు ఇక్కడ అరుదు, రేటు కూడా ఆ రోజే. అంటే ఎండలు ముదిరి, నీళ్లలో ఊపిరి తక్కువై, మొదటి వాన ఎప్పుడైనా పడేలా ఉన్న రోహిణి కార్తెలోనే చెరువులో చేపల బరువు అత్యధికంగా ఉంటుంది. వాళ్ల లాభం, వాళ్ల ప్రమాదం రెండూ ఒకే వారంలో ఉన్నాయి.

వాళ్లకి మేం చెప్పింది ఒకటే. నీరు దిగితే వల లాగడం తేలిక. మార్చి, ఏప్రిల్‌లో సగానికి పైగా పట్టేయండి, మిగిలినవి మృగశిరకి ఉంచుకోండి. మొదటి ఏడాది నమ్మలేదు, అది వాళ్ల తప్పు కాదు. రెండో ఏడాది పట్టారు. చేపపిల్లల్ని వదలడం కూడా మత్తడి (చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే అలుగు) దుంకడం ఆగాకే. లేకపోతే వదిలిన పిల్లలు వరదతో కిందికి పోతాయి. అలా పోకుండా మత్తడికి అడ్డంగా వల కట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని మేం ఒప్పుకోం. చెత్త పట్టి మత్తడి మూసుకుపోతే తెగేది కట్ట.

బోటింగ్ కాంట్రాక్టరుకి ఏప్రిల్ నుంచి జులై దాకా బోట్లు ఆపమన్నాం. ఆ నెలల అద్దె మాఫీ చేయించాం. ఆ నాలుగు నెలలూ అదే చోట పిల్లలకు సైకిల్ ట్రాక్ నడుపుతున్నాడు. వాకర్లలో కొందరికి ఇప్పటికీ కోపమే. పొద్దున్నే బురద చూడ్డానికి వస్తామా అని అడుగుతారు. ఆ బురద అంచునే ఉల్లంకి పిట్టలు వచ్చి వాలాయి, కొంగలు పెరిగాయి. నీళ్లు అంచుదాకా ఉన్నప్పుడు వాటికి నిలబడే చోటే లేదు. బైనాక్యులర్ తెచ్చుకునే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇప్పుడు మా తరఫున పెద్దలతో వాదిస్తున్నారు.

వానలు, కట్ట

మే మూడో వారంలో కట్టని అడుగు అడుగునా నడిచి చూస్తాం. ఎలుక బొరియలు, పీత బొరియలు, చెట్ల వేళ్లు, రాళ్లు జారిన చోట్లు. మత్తడి ముందున్న సర్కారు తుమ్మ కొట్టేయిస్తాం. మత్తడి మీద ఒక వరస ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నీరు ఆపుకుందామని ఒకసారి ఎవరో రాత్రికి రాత్రే పేర్చారు. తెల్లారేసరికి తీయించాను. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరంలో కురిసిన వాన మా అందరికీ గుర్తుంది. ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్లు. ఆ వారంలోనే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. గొలుసులో పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ మన మీదికే. మత్తడి ఎత్తు పెంచడం అంటే ఆ రాత్రి కట్టకి మిగిలే చోటుని తగ్గించడమే.

కట్ట కింద తడి కనిపిస్తే వాచ్‌మన్‌కి ఒకటే నేర్పాం. ఆ నీళ్లని గాజు గ్లాసులో పట్టి చూడు. తేటగా ఉంటే రాసుకో, రోజూ చూడు. మట్టి రంగులో ఉంటే అర్ధరాత్రి అయినా నాకు ఫోన్ చెయ్యి. మట్టి వస్తోందంటే నీళ్లు కట్టని లోపల్నుంచి మోసుకుపోతున్నాయి. పోయిన ఆగస్టులో ఒకసారి అలాగే చేశాడు. బంకమట్టి తెచ్చి ఆ నోరు మూసేద్దామని జనం తొందరపెట్టారు. అలా మూస్తే నీళ్లు లోపలే దారి వెతుక్కుని ఇంకోచోట పగులుతాయి. ముందు ఇసుక, దానిమీద సన్న కంకర, ఆ పైన పెద్ద కంకర పోశాం. నీళ్లు బయటికి వస్తాయి, మట్టి ఆగిపోతుంది. రెండు గంటల్లో గ్లాసులో నీళ్లు తేటపడ్డాయి. ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున సాగునీటి శాఖ ఇంజినీర్లు వచ్చి చూసి, అక్కడ శాశ్వత పని చేపట్టారు.

పండగలు

వినాయక నిమజ్జనానికి చెరువు పక్కనే విడిగా సిమెంటు కొలను కట్టారు. మట్టి విగ్రహాలకి కూడా అదే. పండగయ్యాక ఖాళీ చేయించి బురదని బయటికే పంపిస్తాం.

బతుకమ్మ వేరే సంగతి. అది చెరువు పండగ. చెరువు నిండే నెలలో చెరువు దగ్గరికి పూలతో వచ్చే ఆడపడుచుల్ని కొలను దగ్గరికి పొమ్మనలేం, అనకూడదు కూడా. కానీ తంగేడు, గునుగు, బంతి టన్నుల్లో నీళ్లలో ఉండిపోతే పది రోజుల్లో ఘాట్ దగ్గర నీరు నల్లబడుతుంది. ఘాట్ ముందు వెదురు బొంగులతో, వలతో అర్ధచంద్రాకారంగా దడి కడుతున్నాం. బతుకమ్మలు నీళ్లలోకే వెళ్తాయి, దడి లోపలే తేలుతూ ఉంటాయి. అందరూ వెళ్లాక రాత్రి పదకొండింటికి మా కాలనీల ఆడవాళ్లే ఇరవై మంది పూలని బుట్టలకెత్తుతారు. తెల్లారేలోపు కంపోస్టు గుంటకి చేరతాయి. మొదటి ఏడాది ఆ పని కూలీలకి ఇచ్చాం. పూలని తొక్కారని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. అందుకే చేతులు మార్చాం.

దోమల గురించి ఒక మాట. డెంగీ వస్తే చెరువునే తిడతారు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇళ్లలో, కూలర్లలో, పూలకుండీల కింద నిలిచిన తేట నీళ్లలో. చెరువులో మురికి అంచుల్లో, గుర్రపుడెక్క నీడలో పుట్టేది వేరే దోమ. గాలికి అలలు కదిలే, చేపలున్న నీళ్లలో దోమ పెరగడం కష్టం. కాబట్టి మేం మందు పిచికారీ కంటే అంచులు శుభ్రం చేయడానికే డబ్బు పెడుతున్నాం.

పూడిక

అడుగు ఎండాక పూడిక తీయడానికి అందరూ ఉత్సాహపడతారు. ఇక్కడ తొందర పనికిరాదు. తెలంగాణ ప్రభుత్వం చెరువులు బాగుచేయించిన మిషన్ కాకతీయ రోజుల్లో రైతులు చెరువు మట్టి పొలాలకి తోలుకున్నారు, మంచిదే. కానీ నగరపు నాలా కలిసిన చెరువు మట్టిలో సీసం, క్రోమియం లాంటివి ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా కూరగాయల మడికి పంపకూడదు. మేం పరీక్ష చేయించి, పార్కు మొక్కలకే వాడుతున్నాం.

లోతుగా తవ్వకూడదు. కొత్త బురద పోయి పాత గట్టి నేల తగిలిందంటే ఆపేయాలి. కట్ట అడుగు దగ్గర ముట్టుకోకూడదు. గుంతలు అస్సలు వదలకూడదు. జేసీబీ తవ్వి వదిలేసిన గుంతల్లో పిల్లలు మునిగిపోతారు. పైకి మోకాలి లోతులా కనిపిస్తుంది, రెండడుగులు వేస్తే మనిషెత్తు. మేం తీసిన చోట వాలుగా సర్ది, నడిచి చూసి, ఆ తర్వాతే బిల్లు ఇస్తున్నాం.

ఇప్పుడు

నీళ్లలోని మురికిని వేళ్లతో పీల్చుకునేలా వట్టివేరు, కన్నా (మెట్టతామర) మొక్కలతో నాలుగు తేలే తెప్పలు పెట్టాం. హైదరాబాద్‌లోనే నెక్నాంపూర్ చెరువులో 2018లో ఇలాంటి పెద్ద దీవి పెట్టారు, అది చూసే మాకు ఆలోచన వచ్చింది. చూడ్డానికి బాగున్నాయి, బుడుబుంగలు గూళ్లు పెడుతున్నాయి. కానీ నాలా మళ్లించకుండా ఇవి మాత్రమే పెట్టి ఉంటే ఏమీ మారేది కాదు. ఆకులు కోసి బయటికి తీయకపోతే అవి కూడా చివరికి నీళ్లలోనే కుళ్లుతాయి.

ఫౌంటెన్లు మధ్యాహ్నం, సాయంత్రం ఆడేవి, అందరూ చూసేది అప్పుడే కాబట్టి. ఇప్పుడు ఎండాకాలం రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా ఆడిస్తున్నాం. చూసేవాళ్లు ఉండరు. చేపలకి కావాల్సింది ఆ వేళే.

పైచెరువు వైపు కొత్తగా రెండు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటి మురుగు ఎటు పోతుందో ఇంకా తేలలేదు. మునిసిపాలిటీలో ఫైలు నడుస్తోంది, వారానికోసారి వెళ్తున్నాను. పాత బురద ఇంకా సగం చెరువులో ఉంది. ఒక్కో ఎండాకాలం ఒక్కో పక్క ఎండుతోంది.

గేజ్ పుస్తకం ఇప్పుడు వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. ఈ ఏప్రిల్‌లో పేజీ తిప్పి చూశాను. రోజూ ఒక గీత కిందికి, ఆదివారాలు కూడా. తూము మూసేసిన పద్నాలుగు రోజుల్లో నాలుగు అంగుళాలు దిగింది. ఆవిరి లెక్కకి సరిపోయింది. మే 30న రాత్రి గాలివాన వచ్చింది. అలారం పెట్టుకుని నాలుగున్నరకే వెళ్లాను. వాచ్‌మన్ అప్పటికే మీటర్ నీళ్లలో దించి, టార్చి వెలుగులో చూస్తున్నాడు.

"మూడు పాయింట్ ఎనిమిది, సార్."

పుస్తకంలో రాసి, పక్కన ఏమీ రాయకుండా మూశాడు.